పరాయి గొడుగు

ఆ ఎండాకాలం మా నాన్న ఒక పరాయి గొడుగుతో ప్రేమలో పడ్డాడు. డెబ్బై దాటిన తండ్రి గురించి కూతురు అనవలసిన మాట కాదని నాకూ తెలుసు. కానీ పక్కనే కూర్చుని చూసినదాన్ని, ఇంకో మాట దొరకడం లేదు.

దాన్ని ఇంటికి తెచ్చింది మా తమ్ముడు. తెచ్చింది నాన్నని భయపెట్టడానికి. మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డులోకి వచ్చి, నేను గుడ్డ కత్తిరిస్తున్న బల్ల మీద దాన్ని టప్పున పడేశాడు. జానెడు కూడా లేదు. కళ్ళజోడు పెట్టె కాబోలు అనుకున్నాను.

"గొడుగే అక్కా. నొక్కితే దానంతటదే విచ్చుకుంటుంది" అని, నాన్న వైపు తిరిగాడు. "మనం ఒక్క గొడుక్కి గుడ్డ కొనే ఖర్చులో పరాయి దేశం వాళ్ళు ఏకంగా గొడుగే చేసి, ఓడ ఎక్కించి, మన వీధిలో దింపుతున్నారు. ఎదురు కొట్లో బుట్టలో పోసి అమ్ముతున్నారు, ఉల్లిపాయల్లాగా. ఇంక మనం కూర్చుని కుడితే ఏం లాభం చెప్పు?"

మా ఇంటికి ముందు వైపు వీధిలోకి కొట్టు, వెనక వైపు రేకుల షెడ్డు, మధ్యలో మేము. షెడ్డులో చేసిన గొడుగులు కొట్లో అమ్ముడవుతాయి. కొట్టు తమ్ముడిది, షెడ్డు నాన్నదీ నాదీ. ఈ పంపకం ఎవరూ కూర్చుని చెయ్యలేదు, దానంతటదే జరిగిపోయింది. ఆ రోజు వాడు చెప్పదలచుకున్నది ఏమిటంటే, వానలు మొదలయ్యేలోపు షెడ్డు ఖాళీ చేసి, ఓడ సరుకు దింపుకునే గోడౌన్ చేద్దామని. వాడేం దుర్మార్గుడు కాదు. లెక్కలు వచ్చినవాడు, అంతే.

నాకు మాత్రం కాళ్ళకింద నేల కదిలినట్టయింది. ఆ షెడ్డులో నేను మేస్త్రిని. గుమ్మం దాటి ఇంట్లోకి వస్తే పెళ్ళికాని ఆడపడుచుని. మరదలు మంచిదే. కానీ వంటింట్లో నా చేతికి ఏ గరిటె ఇవ్వాలో ఆమెకి ఎప్పుడూ తెలిసేది కాదు, ఏ గరిటె పుచ్చుకోవాలో నాకూ తెలిసేది కాదు. షెడ్డు పోతే రోజంతా ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తలుచుకుంటేనే భయమేసింది.

నాన్న అరుస్తాడని చూశాను. కనీసం దాన్ని తీసి అవతల పారేస్తాడనుకున్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. ఫట్టున విచ్చుకుంది. ఉలిక్కిపడి, తరవాత నవ్వాడు. మూశాడు. మళ్ళీ నొక్కాడు. తమ్ముడు చెబుతున్న అద్దెలూ లాభాలూ ఒక్కటీ ఆయన చెవికెక్కలేదు.

"ఎవడు చేశాడోగానీ, వాడి తల్లి కడుపు చల్లగా" అన్నాడు చివరికి.

తమ్ముడు నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. చాలా ఏళ్ళ తరవాత మేమిద్దరం ఒకే మాట అనుకున్న క్షణం అదే అయ్యుంటుంది.

*

ఆ మర్నాడే నాన్న దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. కిటికీ పక్క పాత దుప్పటి పరిచి, దాని ఎముకలన్నీ వరసగా పేర్చాడు. స్క్రూ ఉన్నచోట స్క్రూ విప్పాడు, లేనిచోట బతిమాలినట్టుగా మెల్లగా ఊడదీశాడు. ఒక్క ముక్క కూడా విరగ్గొట్టలేదు. ఆయన చేతి పని ఆగిపోయి కూర్చుంది. ఆయనకి అది పట్టలేదు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది చూడు" అన్నాడు.

ఆయన చూపించినదేమిటో చెప్పాలంటే ముందు మా గొడుగు సంగతి చెప్పాలి. పైగుడ్డని మోసే పొడుగు ఊచ ఒకటి, ఆ ఊచని కింద నుంచి నిలబెట్టే పొట్టి ఊచ ఒకటి. రెండూ కలిసే చోట ఇనప రివిటుతో కీలు ఉంటుంది. గొడుగు తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా ఆ రివిటు గుడ్డకి రాసుకుంటుంది. నాలుగు వానలు తిరిగేసరికి అక్కడ చిల్లు పడుతుంది. అలా పడకుండా ప్రతి కీలుకీ వేలెడు గుడ్డముక్క చుట్టి, దారంతో బిగించి ముడి వేస్తాం. దాన్ని కీలుగుడ్డ అంటాం. గొడుక్కి ఎనిమిది. కొనేవాళ్ళెవరూ దాన్ని చూడరు. చాలా కంపెనీల వాళ్ళు ఎగ్గొట్టేస్తారు కూడా. మేము ఎగ్గొట్టలేదు.

నాన్న నాకు నేర్పిన మొదటి పని అదే, నాకు అందరికన్నా బాగా వచ్చిన పనీ అదే. ముడి కంటికి కనబడకూడదు, వేలితో తడిమితే తగలకూడదు. అలా పడడానికి నాకు ఏళ్ళు పట్టింది. సంబంధం వచ్చిన ప్రతిసారీ "ఈ సీజను అయిపోనీ నాన్నా" అనేదాన్ని. సీజన్లు అయిపోయాయి, వాటితోపాటు సంబంధాలూ అయిపోయాయి. దానికి నేను కుమిలిపోలేదు. చేతిలో పని ఉంది, పక్కన నాన్న ఉన్నాడు, ఇంకేం కావాలి అనుకునేదాన్ని. ఎవరైనా జాలిపడితే నవ్వొచ్చేది.

నాన్న వేలి కొస మీద చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంది. గుమ్మడి గింజంత.

"రివిటు లేదు, గుడ్డా లేదు. రెండిటి పనీ ఇదొక్కటే చేస్తోంది. ఊచని ఇందులోకి దూరిస్తే ఇదే కీలు. నున్నగా ఉంది కాబట్టి గుడ్డకి రాసుకున్నా చిల్లు పడదు. ఎంత తేలిగ్గా తేల్చేశాడో చూడు."

"మరి కీలుగుడ్డ?"

"అదేగా చెప్తున్నా. దాంతో పనే లేకుండా చేశాడు."

శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. నేనూ సంతోషిస్తానని ఆయన నిజంగానే అనుకున్నాడు.

"పొరుగింటి పుల్లకూర రుచి" అన్నాను.

"రుచిగా ఉంటే రుచిగా ఉందనక ఏమంటామే?" అన్నాడు, ఆ గింజని వెలుతురుకి పెట్టి తిప్పుతూ.

నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి మీద కన్నా ఆయన మీదే ఎక్కువ మండింది. తమ్ముడికి మా పని తెలియదు, కాదన్నాడు. తెలిసిన మనిషి ఇంత సులువుగా ఎలా కాదనగలడు?

మా దగ్గర మిషను కుట్టే ఆవిడని అందరం సూదత్త అంటాం. అమ్మ ఉన్నప్పటి నుంచీ మా షెడ్డులోనే ఉంది. ఆవిడ మిషను ఆపకుండా, నాకు మాత్రమే వినబడేట్టు అంది. "మీ నాన్నకి ఇంక దాన్ని ఉయ్యాల్లో వేసి ఊపడం ఒక్కటే తరవాయి."

నవ్వాను. నవ్వకపోతే ఏడుపొచ్చేట్టుంది.

*

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నాలు రేకు కింద కూర్చుంటే మాడు మండిపోయేది. నాన్నకి ఆ వేడి కూడా తెలియలేదు. ఆయనకి ఆ గొడుగులో ఒక లోపం దొరికింది. ప్రేమలో ఉన్నవాళ్ళకి దొరికే లోపం లాంటిది, దానివల్ల ప్రేమ ఇంకా పెరుగుతుంది.

వీధి చివర చెత్తకుప్పలో అప్పటికే పరాయి గొడుగులు నాలుగైదు కనబడుతున్నాయి. అన్నిటికీ ఒకటే జబ్బు. ఒక్క ఊచ విరిగింది, మొత్తం గొడుగు పారేశారు. నాన్న వాటిని ఏరి తెచ్చాడు. మరదలు ముక్కు మూసుకుంది.

"వాడు గింజలోకి ఊచని దూర్చి మూసేశాడు. బయటికి రాదు. నేను అదే గింజని తెరుచుకునేట్టు చేస్తాను" అన్నాడు నాన్న. "వేలితో నొక్కితే ఊచ ఊడి రావాలి. ఇంకో ఊచ పెట్టి నొక్కితే పట్టుకోవాలి. బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, పారెయ్యక్కర్లేదు. మన పొడుగు గొడుక్కే పెడదాం."

"అది చెయ్యడానికి మనకి మిషను ఏదీ?" అన్నాడు తమ్ముడు.

మిషను ఉన్నాయన ఒకాయన ఉన్నాడు. సీసా మూతలు పోసే చిన్న కార్ఖానా ఆయనది. మేమంతా మూతల మేస్త్రి అంటాం. సీసాల కంపెనీ వాళ్ళు మూతలు కూడా ఓడల్లో తెప్పించుకోవడం మొదలుపెట్టాక, ఆయన మిషన్లు సగం ముసుగేసుకుని పడుకున్నాయి. నాన్న వెళ్ళి అడగ్గానే ఆయన ఎగిరి గంతేశాడు. ఇద్దరికీ జోడీ కుదిరింది.

ఇక నాన్న పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు. ఇద్దరం ఒకే షెడ్డులో ఒకే బల్ల దగ్గర ఎన్నేళ్ళు కూర్చున్నామో. ఆయన స్టూలు అలా ఖాళీగా ఉంటే దానివైపు చూడకుండా పనిచెయ్యడం నాకు చేతకాలేదు. సూదత్త మిషను చప్పుడు ఆగినప్పుడల్లా షెడ్డు మరీ పెద్దదిగా అనిపించేది.

ఒకరోజు ఆయన భోజనం కూడా మరిచిపోయి వెళ్ళాడు. క్యారియరు పట్టుకుని బస్సెక్కి వెళ్ళాను. కార్ఖానా లోపల చీకటిగా, కాలిన ప్లాస్టిక్ వాసనగా ఉంది. వరసగా ఆడవాళ్ళు మిషన్ల ముందు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. మూలన నాన్నా మేస్త్రీ నేలమీద గొంతుక్కూర్చుని, గోళీలాడే పిల్లల్లాగా తలలు దగ్గర పెట్టుకుని ఏదో చూస్తున్నారు. నాన్న చెబుతున్నాడు, చేతులు తిప్పుతూ, ఆగకుండా. చిన్నప్పుడు ఆయనకి వానంటే భయమట. ఉరుమొస్తే మంచం కింద దూరేవాడట. గొడుగు పని నేర్చుకున్నది ఆ భయం పోవడానికేనట. మేస్త్రి పకపకా నవ్వుతున్నాడు.

నాకు ఆ సంగతి తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. మేం మాట్లాడుకున్నదంతా గుడ్డ గురించీ దారం గురించే.

క్యారియరు అక్కడున్న స్టూలు మీద పెట్టేసి వచ్చేశాను. సాయంత్రం ఆయన ఖాళీ క్యారియరు తెచ్చి, "అన్నం ఎవరు తెచ్చారే?" అని అడిగాడు.

*

తమ్ముడు పంతానికి పోయే రకం కాదు. నాన్న గింజ తయారుచేసి చేతిలో పెట్టాక, అటూ ఇటూ నొక్కి చూసి, ఒక మాటన్నాడు. ఊళ్ళో పెద్ద దుకాణాల వాళ్ళకి సరుకు ఎంచే ఆవిడ ఒకామె ఉంది, కొనుగోలు మేడమ్. ఆమెని ఒక్కసారి తీసుకొస్తాను. ఆమె ఆర్డరిస్తే షెడ్డు ఉంటుంది. ఇవ్వకపోతే వానలకి ముందే గోడౌన్. ఇంక ఎవరూ ఏమీ అనకూడదు.

"న్యాయంగానే ఉంది" అన్నాడు నాన్న.

ఆమెకి చూపించే గొడుగులు చెయ్యడం నా వంతు, సూదత్త వంతు. అప్పుడు మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. కోపం తాపం అన్నీ గట్టుమీద పెట్టాను. ఎవరి గింజ అయితేనేం, షెడ్డు నిలబడితే చాలు. మంచి నల్లగుడ్డ తీశాను. చెక్క పిడులు నూనె పెట్టి తుడిచాను. ఎనిమిది పలకలూ ఒకదానికొకటి వెంట్రుక తేడా రాకుండా కత్తిరించాను. సూదత్త కుట్టిన కుట్టులోంచి చుక్క నీరు దిగదు. నాన్న ఊచలకి గింజలు తొడిగి చట్రాలు మాకు ఇచ్చేసి, మేస్త్రి దగ్గరికి పరిగెత్తాడు. ఇంకా ఏదో సానబెట్టాలట.

మేము గొడుగులు పూర్తిచేశాం. ఎప్పుడూ చేసినట్టే చేశాం. ప్రతి కీలుకీ గుడ్డ చుట్టి, దారం బిగించి, ముడి లోపలికి వేశాం. సూదత్త వాళ్ళ మనవరాలి అల్లరి చెబుతోంది, నేను వింటున్నాను, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పరాయి గొడుక్కి కీలుగుడ్డ లేదని నాకు తెలుసు. అది పరాయి గొడుగు. మాది మా గొడుగు. మా గొడుగు కీలుగుడ్డ లేకుండా గుమ్మం దాటుతుందని నాకు తట్టనే లేదు. నాన్నకి, వద్దని వేరే చెప్పాలని తట్టలేదు. ఆయనకి చెప్పక్కర్లేదనిపించింది, మాకు అడగక్కర్లేదనిపించింది.

*

కొనుగోలు మేడమ్ చిన్న వయసు మనిషి. నా కన్నా ఎంతో చిన్నది. షెడ్డు వేడికి మొహమంతా చెమటలు పట్టినా విసుక్కోలేదు. మంచినీళ్ళు తాగి, బల్ల ముందు కుర్చీలో కూర్చుని, "చూపించండి" అంది. తమ్ముడు ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరదలు గుమ్మంలో. నేనూ సూదత్తా మిషను పక్కన.

నాన్న గొడుగు తెరిచాడు. గుడ్డ బిగిసి డప్పులా మోగింది. మేడమ్ కళ్ళు విప్పారాయి. నాకు గర్వమేసింది, దాచుకోను.

"చూడ్డానికి మామూలు గొడుగేనండీ" అన్నాడు నాన్న. "కానీ ఊచ విరిగితే పారెయ్యక్కర్లేదు. ఇదుగో, ఇక్కడ ఇలా నొక్కితే చాలు. చిన్నపిల్లలైనా మార్చుకోవచ్చు."

నొక్కాడు. ఊచ రాలేదు.

ఇంకోసారి నొక్కాడు. గొడుగు తిరగేసి, కీలు మీద వేలితో తడిమాడు. ఆయనకన్నా ముందే నాకు అర్థమైంది. నా ముడి వేలికి తగలదు కదా. ఆయనకి దొరకడానికి కాస్త సేపు పట్టింది.

తమ్ముడు దగ్గాడు. నాన్న నావైపు చూడలేదు. బల్ల మీది కత్తెర తీసుకుని, మొదటి కీలు దగ్గర కొస దూర్చి కత్తిరించాడు. తరవాత రెండోది. తొందర లేకుండా, చుట్టూ తిప్పుతూ ఎనిమిదీ కత్తిరించాడు. గుడ్డముక్కలు ఆయన ఒళ్ళో పడ్డాయి. అప్పుడు నొక్కితే ఊచ టక్కున ఊడి వచ్చింది. ఇంకో ఊచ పెట్టి నొక్కాడు. టక్కున పట్టుకుంది.

మేడమ్ చప్పట్లు కొట్టినంత పని చేసింది. తనూ నొక్కి చూసింది. తీసింది, పెట్టింది. తరవాత ఆయన ఒళ్ళోకి చూసి, "ఇవేంటండీ?" అని అడిగింది.

"అలవాటండీ" అన్నాడు నాన్న.

ఆమె నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. నాన్న కూడా నవ్వుతూనే కత్తెర నావైపు చాపాడు. "అమ్మాయ్, మిగతావాటికి కూడా తీసెయ్యి" అన్నాడు, మంచినీళ్ళిమ్మన్నంత మామూలుగా.

తీసేశాను. నా ముడులు నేనే కత్తిరించాను. సూదత్త సాయానికి వస్తే వద్దన్నాను. అక్కడ మేడమ్ అడుగుతోంది, పెద్ద ఆర్డరైతే ఇంతమందితో అవుతుందా అని.

"ఎంతమందినైనా పెట్టుకోవచ్చండీ. ఇందులో ఏముంది, నేర్చుకోవడానికి ఒక పూట చాలు" అన్నాడు నాన్న.

*

ఆర్డరొచ్చింది. తమ్ముడికి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. గోడౌన్ మాట మళ్ళీ ఎత్తలేదు. షెడ్డుకి కొత్త బల్లలొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి, రేకు కింద తెల్ల అట్టలు కొట్టించారు. చుట్టుపక్కల కార్ఖానాల్లో పనిపోయిన ఆడవాళ్ళు చాలామంది వచ్చి చేరారు. ఒకామె ఇంతకుముందు బొమ్మలకి కళ్ళు అతికించేదట. ఇంకొకామె తాళాల కంపెనీలో. వాళ్ళకి నిజంగానే ఒక పూట చాలింది. షెడ్డు నిండా టక్కు టక్కుమని ఒకటే చప్పుడు.

నేను కోరుకున్నది అదే కదా, షెడ్డు నిలబడాలని. నిలబడింది.

మొదట్లో నేనూ వాళ్ళతో కూర్చుని గింజలు తొడిగాను. గింజ తొడగ్గానే నా కుడిచెయ్యి దారం కోసం పక్కకి వెళ్ళేది. దారం ఉండదు. చెయ్యి వెనక్కి తెచ్చుకుని ఇంకో గింజ తీసుకునేలోపు, పక్కామె మూడు తొడిగేసేది. "మీకెందుకమ్మా శ్రమ, మీరు అలా కూర్చోండి" అనేవాళ్ళు మర్యాదగా. యజమాని కూతురిని కదా. సూదత్తని కూడా పోగొట్టుకున్నాను. ఆవిడకి కొత్త మిషను ఇచ్చారు, చేతికింద నలుగురు అమ్మాయిల్ని పెట్టారు, తలెత్తడానికి తీరిక లేదు. నాకు పని లేదని ఎవరూ అనలేదు. ఏం పని చెయ్యాలో కూడా ఎవరూ చెప్పలేదు.

నాన్న బల్లల మధ్య తిరుగుతూ ఉండేవాడు. పదేళ్ళు చిన్నవాడైపోయినట్టున్నాడు. ఒకరికి గింజ ఎలా పట్టుకోవాలో చూపించేవాడు, ఒకరితో హాస్యమాడేవాడు, బాగా చేసినామెని భేష్ అనేవాడు. వాళ్ళతోపాటే టీ తాగేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. లోపలికి అడుగు పడేది కాదు. ఎందుకని ఎవరైనా అడిగితే సూటిగానే చెప్పగలను. ఆయన సంతోషంగా ఉన్నాడు, అందులో నేను లేను.

తమ్ముడే ఒకసారి ఆగి, "అక్కా, నీకేం పని చెప్పలేదా నాన్న?" అని అడిగాడు. షెడ్డు మూసేద్దామన్నవాడికి కనబడింది. లెక్కలు వచ్చినవాడు కదా, ఎక్కడ ఏది మిగిలిందో వాడికి తెలుస్తుంది.

వానలు మొదలైన సాయంత్రం పనివాళ్ళంతా వెళ్ళిపోయాక, నాన్న వెనక మెట్టు మీద కూర్చుని వాన చూస్తున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. అలా కూర్చుని చాలా రోజులైంది.

"నాన్నా, నీకేం బాధనిపించలేదా?" అన్నాను.

"దేనికి?"

"కీలుగుడ్డకి."

ఆయన మళ్ళీ వాన వైపు తిరిగాడు. నిజంగానే వెతుక్కుంటున్నాడని తెలుస్తోంది, బాధ ఎక్కడైనా ఉందేమోనని.

"మా నాన్న వెదురు ఊచలు చెక్కేవాడు" అన్నాడు. "చేత్తో చెక్కేవాడు, సన్నగా, అన్నీ ఒకే తూకంలో. ఇనప ఊచలు మొదటిసారి కట్టలుగా ఇంటికొచ్చిన రోజు నేను ఎగిరి గంతేశాను. ఇంక చెక్కక్కర్లేదు, రోజుకి ఎన్నైనా చెయ్యొచ్చు అని. ఊరంతా చెప్పుకుని తిరిగాను." వానలోకి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "ఆ రోజు ఆయన మొహం ఎలా ఉందో నేను చూళ్ళేదు."

అని, అప్పుడు నా మొహం చూశాడు.

చాలాసేపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు. వాన జోరు పెరిగి మెట్టు మీదికి జల్లు కొడుతున్నా ఇద్దరం లేవలేదు.

"నువ్వు బాగా కట్టేదానివే" అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడు అన్నా పొంగిపోయేదాన్ని.

"రేపట్నుంచి మూతల మేస్త్రి దగ్గరికి వెళ్తాను నాన్నా. గింజలు పొయ్యడం నేర్చుకుంటాను."

"అక్కడ వేడే. పొగ. నీకెందుకే అవన్నీ? హాయిగా ఇక్కడ కూర్చోరాదూ?"

"ఇక్కడ నాకు కూర్చోవడమే పని" అన్నాను.

"మేస్త్రికి నేనొక మాట చెప్తానుండు" అన్నాడు. వద్దన్నాను. నా మాట నేనే చెప్పుకుంటానన్నాను.

పొద్దున్న నేను వెళ్ళేసరికి మేస్త్రి ఇంకా రాలేదు. మిషన్ల మీద ముసుగులు తీసేశారు, అన్నీ ఒకేసారి నడుస్తున్నాయి, అన్నిట్లోనూ మా గింజలే. ద్వారం దగ్గరి మిషను ముందు నా ఈడు ఆవిడ ఒకామె కూర్చుని ఉంది. నేనెవరో ఆమెకి తెలియదు. తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నిలబడ్డ నన్ను కింది నుంచి పై దాకా చూసి, తలలో నెరిసిన వెంట్రుకల దగ్గర ఆగింది.

"పనికొచ్చారా?" అంది.

"అవునండీ."

"ఏం పని వచ్చు మీకు?"

నోరు తెరిచాను. చెప్పడానికి ఎంత ఉందో అంతా నాలుక మీదికి వచ్చింది. పలకలు కత్తిరించడం, పిడికి మెరుగు పెట్టడం, ముడి కనబడకుండా వెయ్యడం. ఆమె చెయ్యి మిషను మీద ఉంది, నా జవాబు కోసం ఆపి ఉంచింది.

"ఏమీ రాదండీ" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. బెంచీ మీద కాస్త పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను.